ఎక్కువ రేటా, ఎక్కువ కాలమా: కిలన్ ఇటుకల పనిలో నేను చూసింది

డోన్‌లో మా ఇంటికి ఈమధ్య కుర్రవాళ్లు వస్తున్నారు. డిప్లొమా చేసినవాళ్లు, బీటెక్ చేసినవాళ్లు. ఉద్యోగం వద్దు, సొంతంగా కాంట్రాక్టు మీద పని చేసుకుంటాం అనేవాళ్లు. కొందరు సిమెంటు ఫ్యాక్టరీల్లో, కొందరు సోలారు ప్లాంట్లలో. అందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, ఒకచోట మూడు నెలల పని, రేటు ఎక్కువ. ఇంకోచోట రెండేండ్ల పని, రేటు తక్కువ. దేనికి పోవాల?"

నేను వెంటనే జవాబు చెప్పను. ఆ మూడు నెలలు ఏ నెలలు? మిగతా తొమ్మిది నెలలు ఏం చేస్తావు? వద్దు పొమ్మనాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఇలా అడుగుతూ పోతాను. మా ఆవిడ లక్ష్మీదేవి లోపలి నుంచే అంటుంది: "ఆ పిల్లోడు ఒకటి అడిగితే నువ్వు పది అడుగుతాండావు. జవాబు తెలీకపోతే తెలీదని చెప్పు, కాఫీ తాగి పోతాడు."

ఆమె అన్నదాంట్లో సగం నిజమే. ముప్పై ఏళ్లు ఈ బేరాలు ఆడి కూడా ఒక్క వాక్యంలో చెప్పగలిగే జవాబు నాకు దొరకలేదు. దొరికినవి కొన్ని ప్రశ్నలు, ఒక సంఘటన. అవి రాస్తున్నాను. ఏ ఏడు ఎవరు నాకు శాలువా కప్పారు, ఏ సర్టిఫికెట్ వచ్చింది లాంటివి ఇందులో ఉండవు.

అసలు ఇది ఏం పని

సిమెంటు ఫ్యాక్టరీలో కిలన్ అని ఒకటి ఉంటుంది. లారీ తోలుకుపోయేంత వెడల్పున్న ఇనుప గొట్టం. దాన్ని కొంచెం ఏటవాలుగా పడుకోబెట్టి, లోపల మంట పెట్టి, తిప్పుతూ ఉంటారు. సున్నపురాయి పొడి అందులో కాలి సిమెంటు గడ్డలుగా బయటికి వస్తుంది. ఆ వేడికి ఉత్త ఇనుము నిలవదు. అందుకని గొట్టం లోపల చుట్టూ నిప్పుకు తట్టుకునే ఇటుకలు వరసలు వరసలుగా పేరుస్తారు. ఒక్కో వరసా గుండ్రంగా తిరిగి వచ్చి చివరి ఇటుక దగ్గర బిగుసుకుంటుంది. ఆ చివరి ఇటుక వదులుగా ఉంటే మొత్తం వరస జారిపోతుంది.

ఈ ఇటుకలు అరుగుతాయి. ఏడాదికి ఒకసారి కిలన్ ఆపి, చల్లార్చి, లోపలికి దూరి, అరిగినవి కొట్టేసి కొత్తవి పెట్టాలి. ఆ ఆపడాన్నే షట్‌డౌన్ అంటారు. ఎక్కడ మార్చాలో చూసి చెప్పడం, మేస్త్రీల చేత పెట్టించడం, మళ్లీ మంట అందుకునేదాకా అక్కడే కాచుకుని ఉండడం నా పని. నేను ఏ కంపెనీ నౌకరునూ కాను. పిలిస్తే పోతాను, పని అయితే వస్తాను. డోన్‌లో ఇల్లు తీసుకున్నది కూడా అందుకే. రైల్వే జంక్షన్ కదా, ఏ ఫ్యాక్టరీ పిలిచినా పొద్దున్నే బండి దొరుకుతుంది.

పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. మా నాయన ఒక షావుకారు దగ్గర ఏడాది పొడుగునా కట్టుబడి నేసేవాడు. మా చిన్నాయన ఎవరికీ కట్టుబడకుండా సొంతంగా నేసి అమ్ముకునేవాడు. చీర మీద చిన్నాయనకే ఎక్కువ గిట్టేది. పెళ్లిళ్ల కాలం దాటాక మాత్రం ఆయన మగ్గం మీద నూలు ఉండేది కాదు, మా నాయన మగ్గం మోగుతూనే ఉండేది. ఇద్దరిలో తెలివైనవాడు ఎవరా అని నాకు చిన్నప్పటి నుంచీ ఆరాటం. ఇద్దరినీ అడిగాను. ఇద్దరూ "నేనే" అన్నారు.

నాతో కలిసి పనిచేసిన ముఠా బనగానపల్లెది. పన్నెండు మంది. పెద్ద మేస్త్రీ మహబూబ్ బాషా, అందరికీ మాబు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద కోపం. "కొంచెం తొందరగా కానీయండి" అన్న పాపానికి ఒక మేనేజరు చేతిలో సుత్తి పెట్టి, "అయితే నువ్వే కొట్టు సారూ, నేను ఈడ నిలబడి చూస్తాండా" అన్నవాడు. ఆ మేనేజరు ఆ తర్వాత మమ్మల్ని మళ్లీ పిలవలేదు. మాబుకు ఆ విషయంలో ఇప్పటికీ చింత లేదు. నాకు ఉంది.

వానాకాలమే మా సుగ్గి

వానలు పడితే ఇళ్ల పనులు తగ్గుతాయి, సిమెంటు అమ్మకం పడిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీలన్నీ ఆ నెలల్లోనే కిలన్లు ఆపుకుంటాయి. రైతుకు సుగ్గి కోతల కాలమైతే మాకు సుగ్గి వానాకాలం. ఆ రెండు మూడు నెలలు నా ఫోను కింద పెట్టడానికి వీలుండేది కాదు. ఒకే వారంలో నాలుగు చోట్ల నుంచి పిలుపు. అడిగిన రేటు ఇచ్చేవాళ్లు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మేమూ నిద్ర లేకుండా తిరిగేవాళ్లం.

దసరా దాటిందంటే ఫోను పలకదు. మళ్లీ వానలు వచ్చేదాకా అడపాదడపా చిన్నా చితకా పనులు. కుర్రవాళ్లు ఇక్కడే పొరబడతారు. షట్‌డౌన్ రేటు చూసి కళ్లు పెద్దవి చేస్తారు. ఆ రేటులో పని చేసిన రోజులకే కాదు, చేయని రోజులకు కూడా తిండి ఉండాలి. ఎక్కువ రేటు అనేది ఖాళీ నెలల ఖర్చును ముందుగానే చేతిలో పెట్టడం. మనం దాన్ని బహుమానం అనుకుంటాం.

లక్ష్మీదేవి లెక్క వేరే. "రోజుకు ఎంత తెస్తే ఏమి? ఆర్నెల్లు బయట ఉంటావు, ఆర్నెల్లు ఈ కుర్చీలో కూర్చుని నా పప్పులో ఉప్పు చాల్లేదంటావు. దుడ్లు కొంచెం తక్కువైనా పర్వాలేదు, ఏడాదంతా యాడికన్నా పోతాండు సామీ" అనేది. నవ్వుతూ అన్నా, దాని వెనక నిజమైన విసుగు ఉంది. ఏ నెల ఎంత వస్తుందో తెలియకుండా ఇల్లు నడిపినవాళ్లకు తెలుస్తుంది అది.

అడిగే జబ్బు

అలాంటి సమయంలో కడప వైపు ఒక ఫ్యాక్టరీలో యంత్రాల విభాగం పెద్దాయన, జనార్దనరెడ్డి గారు, ఒక షట్‌డౌన్ చివరి రోజున నన్ను పిలిచి కూర్చోబెట్టారు. నెమ్మదైన మనిషి, మాట పొదుపు.

"శేషయ్యా, ఎన్నాళ్లు ఇట్ల ఊరూరూ తిరుగుతావు? మూడేండ్లకు రాసుకుందాం. కిలన్ ఎప్పుడు పడి ఆగిపోయినా నేను పిలిచిన రెండు దినాల్లో నీ ముఠా మొత్తం గేటు దగ్గర ఉండాల. పని లేని నెలల్లో కూడా కొన్ని దినాల కూలి ఇస్తా. రేటు మాత్రం తగ్గించుకోవాల."

తగ్గింపు తక్కువేం కాదు. షట్‌డౌన్‌లో మూడు రూపాయలు వచ్చే చోట ఇందులో రెండు. ఒక వారం గడువు అడిగి వచ్చేశాను. వచ్చి, నాకున్న జబ్బు ప్రకారం, కనబడినవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టాను.

డోన్‌లో మా వీధి చివర ఒక లారీ యజమాని ఉండేవాడు. దూరపు కిరాయిలకు ఎక్కువ రేటు వస్తుంది కదా, మరి నువ్వు తక్కువకు రోజూ ఒకే ఫ్యాక్టరీ సరుకు ఎందుకు తోలుతున్నావని అడిగాను. "ఎక్కువ కిరాయి ఇచ్చేటోడు తిరుగు లోడు ఇయ్యడప్పా. పోయేటప్పుడు రాజా మాదిరి పోతాం, వచ్చేటప్పుడు ఉత్త బండి తోలుకోని వస్తాం" అన్నాడు.

బనగానపల్లెలో ఒక మామిడి తోట ఆసామి ఉన్నాడు. మాబు ముఠాకు తోట మూడేళ్ల గుత్తకు ఇచ్చింది ఆయనే. గుత్త అంటే, ముందుగా డబ్బు కట్టి కాపు మొత్తం తీసుకోవడం. ఒక్క ఏడాదికి ఇస్తే ఒక ధర, మూడేళ్లకు కలిపి ఇస్తే ఏడాది మీద బాగా తక్కువ. ఎందుకు తగ్గిస్తావని అడిగాను. ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "మూడేండ్లలో ఒక ఏడన్నా కాయ రాదు. ఆ రాని ఏడు కూడా వాళ్లదే. ఊరికే తగ్గిస్తానా?"

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అంటే ధర తగ్గిందంటే ఏదో ఒక భారం చేతులు మారిందన్నమాట. మరి రెడ్డిగారు రేటు తగ్గించమంటున్నారు, పని లేని నెలల భారం ఆయన మోస్తానంటున్నారు. బదులుగా ఆయన నా మీద పెడుతున్న భారం ఏమిటి? తేలక, తిన్నగా ఆయననే అడిగాను. ఆయన దాచలేదు.

"పని ఎవడైనా చేస్తాడు శేషయ్యా. కిలన్ పడిన దినం గేటు ముందర మనిషి ఉండాల. నేను కొంటాండేది అది."

కుర్రవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. రేటు మన పనికి ధర. పొడుగు కాలానికి ఇచ్చేది మన తీరికకు ధర. రెండో దాన్ని అమ్ముతున్నప్పుడు అది మన దగ్గర నిజంగా ఉందా అని చూసుకోవాలి.

రెండో మాట నోటీసు గురించి. ఆ ఒప్పందం పై పేజీలో మూడేళ్లు అని ఉంది. చివరి పేజీలో, ఎవరైనా పదిహేను రోజుల ముందు చెప్పి రద్దు చేసుకోవచ్చని ఉంది. "ఇందులో ఏది నిజం సార్?" అని అడిగాను. ఆయన నవ్వారు. "రెండూ నిజమే. బాగుంటే మూడేండ్లు, బాగలేకుంటే పదిహేను దినాలు." పెద్దమనిషి, నిజం చెప్పారు. పై పేజీలో ఎన్నేళ్లు రాసినా ఒప్పందం పొడవు నోటీసు ఎంతో అంతే. అది తెలిసి కూడా నేను సరే అన్నాను. మోకాళ్లు నొప్పులు పుడుతున్నాయి, లక్ష్మీదేవి కుర్చీ మాట రోజూ వినబడుతోంది.

లేని కాయ

సంతకం రోజున మాబును కూడా తీసుకుపోయాను. ముఠా అతనిది, మాట అతనే ఇవ్వాలి. రెడ్డిగారు ఒకటే అడిగారు. "పన్నెండు మందీ ఏడాదంతా దొరుకుతారా?"

"దొరుకుతారు సార్" అన్నాడు మాబు.

నేను అతని వైపు చూశాను. ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఇటుకల్లో వాటా ఉన్నవాడికి తోటలోనూ వాటా ఉంటుంది. వానాకాలం కిలన్‌లోకి దూరే పన్నెండు మందే ఎండాకాలం చిక్కాలు పట్టుకుని మామిడి చెట్లు ఎక్కుతారు. చిక్కం అంటే పొడుగు కర్ర చివర వల సంచి, కాయ కింద పడకుండా కోయడానికి. బయటి కూలీలను పెట్టరు. కాబట్టి మే నెలలో ఆ ముఠా ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. రెడ్డిగారికి తెలియదు.

బయటికి వచ్చి టీ తాగుతూ అడిగాను. "మాబూ, మే నెల్లో తోట ఉంది కదా. ఆ నెల వదిలేయమని చెప్పొచ్చు కదా?"

"కాయ యాడుండాదన్నా? ఈ ఏడు పూతంతా మాడిపాయె. వచ్చే ఏడు వస్తాదని ఎవురు చెప్పినారు? లేని కాయను కాగితంలో రాపిచ్చుకోమంటావా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం."

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే నేనూ ఈ నేలవాణ్ణే. వాన పడితే చూద్దాం, కాయ నిలిస్తే చూద్దాం అనే మాటల మధ్య పెరిగాం. రాని పంటను ముందే లెక్కలోకి తెస్తే పొగరు అనుకుంటాం, కీడు అని కూడా అనుకుంటాం. కాలవ నీళ్లున్న ప్రాంతంవాళ్లయితే కోతల నెలను ముందే పక్కకు తీసిపెట్టి, మిగతా నెలలు అమ్ముకునేవాళ్లు. మేము రాదనుకున్న దాన్ని పక్కన పెట్టలేదు. పన్నెండు నెలలూ అమ్మేశాం.

పొడుగు కాంట్రాక్టులో ఒక సుఖం

మొదటి ఏడాది హాయిగా గడిచింది. నెల నెలా కొంత వస్తోంది. లక్ష్మీదేవి భోజనం దగ్గర నా వంకలు తగ్గాయని ఊరంతా చెప్పుకుంది. మామిడి మాత్రం గుత్తలో రెండో ఏడూ అంతంత మాత్రమే కాసింది. మేలో కిలన్ కూడా పడలేదు.

నాకు మాత్రం ఇంకో లాభం కనబడింది. అంతకుముందు నేను పెట్టించిన ఇటుకలు ఎలా అరిగాయో నేనెప్పుడూ చూసి ఎరగను. పని అయితే వెళ్లిపోతాం, మరుసటి ఏడు అక్కడికి ఇంకెవరో పోతారు. ఈసారి నా వరసలు నేనే తవ్వి చూశాను. ఎంత బిగించినా ఒకేచోట రెండు వరసలు కదులుతున్నాయి. నేను మాబును అనుమానించాను, అతను ఇటుకను అనుమానించాడు. ఇద్దరం అరుచుకున్నాం. చివరికి చూస్తే అక్కడ ఇనుప గొట్టమే కొంచెం సొట్టపోయి ఉంది. అన్నేళ్లలో అలాంటి సొట్టలు ఇంకా ఎన్నిచోట్ల ఉండి ఉంటాయో, ఎన్నిసార్లు మేస్త్రీల మీద నింద పడి ఉంటుందో అనుకుంటే నాకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి. ఎక్కువ రేటుతో ఈ చదువు దొరకదు. పనిని ప్రేమించేవాడైతే ఒక్కసారైనా పొడుగు కాంట్రాక్టు చేయాలని నేను చెప్పేది ఇందుకే.

ఎర్ర మచ్చ

గుత్తలో మూడో ఏడు, అంటే ఆఖరి ఏడు, మామిడి విరగకాసింది. కొమ్మలకు కర్రలు పోటు పెట్టాల్సి వచ్చింది. మే నెల మొదట్లో కోత మొదలైంది. సరిగ్గా అప్పుడే రెడ్డిగారి ఫోను.

"శేషయ్యా, ఎర్ర మచ్చ వచ్చింది. ఆపుతాండాం. ఎల్లుండి పొద్దునకు చల్లారుతాది. మనుషుల్ని తీసుకోని రా."

లోపల ఇటుకలు ఊడితే బయట ఇనుము ఎర్రగా కాలుతుంది. దాన్నే ఎర్ర మచ్చ అంటాం. అది కనబడితే కిలన్ ఆపక తప్పదు. నేను డోన్‌లో బండి పట్టుకుని తిన్నగా బనగానపల్లె తోటకు పోయాను.

కింద గోనెలు పరిచి ఆడవాళ్లు కాయలు ఏరుతున్నారు. మాబు చెట్టు మీద ఉన్నాడు. నన్ను చూడగానే అతనికి అర్థమైపోయింది. దిగి వచ్చి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. "కిలనా?" అన్నాడు.

"ఎల్లుండి పొద్దున."

అతను పైకి చూశాడు. అప్పటికి మూడు రోజులుగా సాయంత్రమయ్యేసరికి మబ్బులు పట్టి గాలి లేస్తోంది. ఒక్క గాలివాన చాలు. రాలిన బంగినపల్లి కాయ దెబ్బ తిని ఊరగాయకు తప్ప పనికిరాదు, ఊరగాయ ధరకు గుత్త డబ్బు తిరిగి రాదు.

మాబు భార్య ఖాసింబీ గోనె మీద నుంచి లేవకుండానే మాట్లాడింది. "అన్నా, రెండేండ్లు ఇటుకల్లో సంపాయించిందంతా ఈ తోట తినె. నా గొలుసు కూడా ఈడికే వచ్చె. ఇది తిరిగి పెట్టే ఏడు. ఈ వారం పోతే పన్నెండు ఇండ్లు కూలిపోతాయి. మీ కిలన్ ఈ వారం కాకపోతే పై వారం తిరుగుతాది."

"కిలన్ మాట అట్ల కాదమ్మా" అన్నాను.

మాబు గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. "నువ్వు చెప్పన్నా. ఆ పొద్దు దొరుకుతారని చెప్పింది నేనే. నువ్వు పోదాం పా అంటే అందర్నీ దింపుతా."

నన్ను చెప్పమనడం నాకు కోపం తెప్పించింది. మాట ఇచ్చింది అతను, సంతకం పెట్టింది నేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెట్టు కిందే నిలబడి రెడ్డిగారికి ఫోను చేశాను. ఆరుగురిని వెంటనే తెస్తాను, మిగతా ఆరుగురికి నాలుగు రోజులు గడువు ఇవ్వండి, కోత నడుస్తోంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులభంగా ఉండేది. "శేషయ్యా, పని లేని నెలల్లో కూడా నేను కూలి ఇచ్చినా కదా. ఎందుకు ఇచ్చినా? ఈ ఒక్క దినానికే. ఆరుగురితో అయ్యే పని కాదు, నీకూ తెలుసు. పైన నన్ను గంట గంటకూ అడుగుతాండారు. పన్నెండు మంది వస్తారా, రారా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఖాసింబీ మాటలోనూ తప్పు లేదు. ఎవరో ఒకరు అన్యాయం మాట్లాడి ఉంటే వాళ్ల మీద విరుచుకుపడేవాణ్ణి.

"రారు సార్" అన్నాను.

"సరే. అయితే నోటీసు పంపిస్తాండా. ఏమనుకోవద్దు."

ఫోను జేబులో పెట్టుకున్నాను. మాబు నా ముఖం చూసి మళ్లీ చెట్టెక్కాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. రెండేళ్లుగా దొరికిన నిలకడ అంతా ఒక్క మాటతో పోయింది. ఇంటికి పోబుద్ధి కాక, నేనూ ఒక చిక్కం అందుకున్నాను. నాలుగు కాయలు తెంపితే మూడు కింద పడ్డాయి. ఖాసింబీ ఆ కర్ర లాక్కుని, "నువ్వు కూసో అన్నా, నీ సాయం గాలివాన కంటే నష్టం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగో రోజు గాలివాన వచ్చింది. అప్పటికి మా చెట్లు చాలావరకు ఖాళీ అయ్యాయి. పక్క తోటలో నేలంతా కాయలే. ఆ తోట గుత్తదారు వాటి మధ్య నిలబడి ఉంటే, మాబు వెళ్లి ముఠా చేత ఆయన కాయలు ఏరించాడు.

మళ్లీ వానలు

ఫ్యాక్టరీవాళ్లు ఆ మేలో బయటి ముఠాను తెచ్చుకున్నారు. మేము ఎన్నడూ కళ్లతో చూడని రేటు ఇచ్చారట. ఆ ముఠాకు గొట్టం సొట్ట సంగతి తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు, వాళ్లు పొట్టి కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు. వానాకాలానికి అక్కడే మళ్లీ వరసలు కదిలాయి. అన్ని ఫ్యాక్టరీలూ ఒకేసారి ఆగిన నెలలో రెడ్డిగారు ఫోను చేసి, నన్నూ మాబునూ ఒకసారి రమ్మన్నారు.

రైలులో పోతూ నేను మాబుకు లెక్క చెప్పాను. ఇప్పుడు ఆయనకు మనం తప్ప దిక్కు లేదు, మూడు రూపాయలు కాదు, నాలుగు అడుగుదాం. రోజు లెక్కనే పోదాం, పొడుగు ఒప్పందం జోలికి పోవద్దు. మాబు వింటున్నాడో లేదో తెలియలేదు. కిటికీలోంచి చూస్తూ, ఆ తోటనే ఇంకో మూడేళ్లకు గుత్త అడిగానని మాత్రం చెప్పాడు.

రెడ్డిగారు టీ తెప్పించారు. మే నెల సంగతి ఎత్తలేదు. "మూడేండ్ల ఒప్పందం మళ్లీ రాసుకుందాం. నోటీసు మూడు నెలలు పెడతా. రేటు ఎంత కావాలో చెప్పండి" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మాబు అందుకున్నాడు. "రేటు మీరే వేయండి సార్. పోయినసారి ఎంత ఇస్తిరో అంతే ఇచ్చినా సరే. మే నెల మాత్రం రాయొద్దు. అది మాది."

నేను అతని మోచెయ్యి పట్టుకుని లాగాను. నాలుగు రూపాయలు వచ్చే చోట రెండు అంటాడేమిటని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతను చెయ్యి విడిపించుకున్నాడు.

రెడ్డిగారు కలం అందుకున్నారు. "మేలో కిలన్ పడితే నేనేం చేయాల?"

"బయటోళ్లను పిలుచుకోండి సార్. ఆ నెలకు వాళ్ల రేటు వాళ్లకు ఇయ్యండి. మేము ఏమీ అనుకోం."

"వచ్చే ఏడు కాయ వస్తాదని నీకెట్ల తెలుసు మాబూ?"

"తెలీదు సార్" అన్నాడు మాబు. "రాకపోయినా మే నెల మాదే."